గుమ్మడవెల్లి గోడకు బయటివైపు

“గుమ్మడవెల్లి ముట్టడి కాలంలో ఒడ్డెరలు పారిపోవడానికి గల కారణాలు రాయండి. ఎనిమిది మార్కులు.”

అర్ధ సంవత్సర పరీక్ష కోసం మా సోషల్ సార్ నరహరి గారు ఇచ్చిన ముఖ్యమైన ప్రశ్నల జాబితాలో ఇది పదకొండోది. దీనికి ముందున్న పదింటితో నాకేం పేచీ లేదు. శాతవాహనుల పాలన, మోటుపల్లి అభయ శాసనం, నాయంకర విధానం, ఏదైనా సరే నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తాను. పదకొండో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒళ్లు మండిపోతుంది. మండదా మరి? నా పేరు వల్లెపు సంపూర్ణ. మేం ఒడ్డెరలం, రాయి కొట్టి బతికేవాళ్లం. సార్ ఆ ప్రశ్న చదవగానే పదో తరగతిలోని నలభై తలలూ పుస్తకాల్లోంచి లేచి నావైపు తిరుగుతాయి.

సార్ చెడ్డమనిషేమీ కాదు. ఎండనక వాననక తిరిగి మా ఊరి చరిత్ర రాసింది ఆయనే, దాన్ని మా బళ్లో పాఠంగా పెట్టించిందీ ఆయనే. ఆ పాఠం ప్రకారం ఏడు వందల ఏళ్ల కిందట కాకతీయుల సామంతుడు కాటమ నాయకుడు మా ఊళ్లో కోట కట్టించాడు. పడమటి గోడకు గండి పడితే ఒడ్డెరలు పూడుస్తున్నారు. అంతలో శత్రువులు వచ్చిపడ్డారు. మూడు రోజులు ముట్టడించినా కోట పడలేదు. తర్వాత నాయకుడు వేయించిన శాసనంలో, ముట్టడి నాడు ఒడ్డెరలు కోటలో లేరని ఒక ముక్క ఉంది. కాబట్టి వాళ్లు పారిపోయారని, మిగిలిన గండి సైనికులు పూడ్చారని సార్ రాశారు. పసిపిల్లల్ని కూడా కోటలోనే వదిలేసి పోయారట. ఆ పిల్లల వంశమే మేము. మా వాడను ఊళ్లో తాతల కాలం నుంచీ పారిపోయినోళ్ల వాడ అంటారు.

“కారణాలు సంపూర్ణను అడుగుండ్రి సార్. వాళ్లింట్ల ఎరికే ఉంటయ్ గదా,” అన్నాడు వెనక బెంచీ మల్లేశ్. క్లాసంతా గొల్లుమంది. సార్ నవ్వలేదు. అలాగని ఆపనూ లేదు.

“మనసుల పెట్టుకోకు బిడ్డా. చరిత్ర చరిత్రే,” అన్నారు నాతో. “ఈ పరీక్షల ఫస్టు వచ్చినోళ్లనే గురుకుల కాలేజీకి పంపుతం. మన బడికి ఒక్కటే సీటు. నాలుగు కారణాలు బట్టీ పట్టు, ఎనిమిది మార్కులు నీ చేతిల ఉంటయ్.”

ఆ సీటు నాకు కావాలి. చచ్చేంత కావాలి. మా వాడలో పది దాటి చదివిన ఆడపిల్ల ఇంతవరకూ లేదు. కానీ దానికోసం మా వాళ్లు పిరికివాళ్లని నా చేత్తో నేనే నాలుగు పాయింట్లు రాయాలి. ఇదెక్కడి న్యాయం?

అదే నెలలో జమీలా మేడం మా ఊరికి వచ్చారు. పట్నంలో ఏదో పరిశోధనశాలలో భౌతికశాస్త్రం ఆమె పని. వ్యాన్ నిండా నల్లగుడ్డలు తెచ్చి కోట పడమటి గోడకు లోపలివైపు ఆనించి, గోడ పైభాగం కప్పేలా మూడు పొరల గుడారం వేయించారు. మిట్టమధ్యాహ్నం లోపలికెళ్లినా మన చెయ్యి మనకు కనిపించదు. ఆమె తెచ్చిన యంత్రం వెడల్పాటి పలకలా ఉంటుంది. ఊరివాళ్లు దానికి రాతికన్ను అని పేరు పెట్టారు. నాలుగు రోజులకు ఆమె కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు.

రాయి మీద రాయి ఉన్న చోట, పై రాయిని చీకట్లో, పగలకుండా, పక్కకు జరపాలి. ఆ పని మేడం వెంట వచ్చిన ఇంజనీర్ల వల్ల కాలేదు. మా తాత దుర్గయ్యను పిలిచారు. తాత వెంట అమ్మ, అమ్మ వెంట నేను.

“ఎందుకమ్మా ఇంత చీకటి?” అనడిగాడు తాత, సందులోకి కట్టె చీలిక దిగ్గొడుతూ.

“రాయికి వెలుతురు గుర్తుంటుంది తాతా. మీద ఇంకో రాయి పెట్టి మూసేస్తే, మూసే ముందు పడ్డ ఆఖరి వెలుతురు అట్లనే లోపల ఉండిపోతుంది. పావు నిమిషం వెలుతురు. నా పలక దాన్ని బయటికి తీసి బొమ్మ చేస్తుంది.”

“అంటే పని చేసేటోన్ని రాయి జూస్తదన్నట్టు.”

“చూస్తుంది. దాచుకుంటుంది.”

తాత ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. “నేను గదే అనుకునేటోన్ని,” అన్నాడు తాపీగా.

“ఒక్క మాట ముందే చెప్తున్నా. ఒక్కసారే చదవగలం. వెలుతుర్ని తీసేశాక రాయి ఖాళీ అయిపోతుంది.”

ఆ మాట ఆమె మామూలుగానే చెప్పారు, మేమూ మామూలుగానే విన్నాం. తాత ధ్యాసంతా పగుళ్ల మీద ఉంది. నా ధ్యాస పరీక్ష మీద ఉంది.

“సదువు బిడ్డా, ఊకుండకు. నీ నోరు ఆడుతుంటె నా చెయ్యి ఆడ్తది,” అనేవాడు తాత. పుస్తకం కనిపించని ఆ చీకట్లో నేను పాఠాలు పైకి అప్పజెప్పేదాన్ని. గౌతమీపుత్ర శాతకర్ణి దగ్గర మొదలుపెట్టి ఇక్ష్వాకులు, చాళుక్యులు దాటుకుని కాకతీయుల దాకా వచ్చేసరికి తాత సగం రాయి జరిపేవాడు. మధ్యలో జమీలా మేడం ఆటపట్టించేవారు. “రుద్రమదేవి తర్వాత ఎవరమ్మా?” “ప్రతాపరుద్రుడు మేడం.” “ఆయన భోజనం ఏం చేశాడు?” “అది సిలబస్‌లో లేదు మేడం!” అమ్మ చీకట్లోనే నవ్వేది. పదకొండో ప్రశ్న మాత్రం నేను ఆ గుడారంలో ఒక్కనాడూ చదవలేదు.

తర్వాతెప్పుడో పైన పేర్చిన రాళ్లన్నీ తొలిగాక, పదో రోజున గండి పూడ్చిన చోట అన్నిటికంటే పై రాయి జరిగింది. దాని కింది రాయి ముఖం మీద మేడం పలక పరిచారు. గంటసేపు ఏమీ లేదు. తర్వాత పలకకు తగిలించిన తెర మీద బూడిదరంగు మసక కదిలింది.

రాయి వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నట్టుంది ఆ బొమ్మ. ఒక అంచున కోట బురుజు. రెండో అంచున ఏనుగు గుట్ట మూపు. ఆ గుట్ట నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, ఎన్నేళ్లయినా దాని ఆకారం మారుతుందా? గుట్ట వైపు నుంచి ఐదారు తలలు రాయి మీదికి వంగాయి. బురుజు వైపు ఒక్క తలా లేదు. వంగినవాళ్లలో ఒకామె రెండు చేతులతో పసిపిల్లను ఎత్తి రాయి మీదుగా చాచింది. బురుజు వైపు నుంచి రెండు చేతులు వచ్చి పిల్లను అందుకున్నాయి. ఆమె చేతులు ఖాళీగా అక్కడే ఆగాయి. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆ తర్వాత ఆమె కిందికి, సరిగ్గా మా వైపు చూసింది. పక్క నుంచి నల్లటి అంచు జరిగి వచ్చింది. అది పై రాయి. అంతే, చీకటి.

తాత తన కుడిచెయ్యి తెర వెలుగులో పెట్టాడు. ఉలి జారకుండా మేమంతా కట్టుకునే గుడ్డపీలిక తాత బొటనవేలికీ ఉంది.

“మనామెనే,” అన్నాడు.

“గుట్ట ఉన్నది ఏ వైపు?” అనడిగారు మేడం, తెర మీది గుట్టను వేలితో చూపిస్తూ.

“బయట మేడం! కోట బయట!” అని అరిచాను నేను. “వాళ్లు పారిపోలే. పిల్లలను లోపటికిచ్చి బయట నిలవడి గండి మూసిన్రు. శత్రువులు వచ్చేది గూడ ఆ దిక్కు నుంచే!”

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. కోటలో లేరట! ఎలా ఉంటారు? కోటను మూసిందే వాళ్లు గదా. అమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది.

తాత మాత్రం కింది రాయి మీద అరచెయ్యి ఆనించి, “ఇప్పుడు గీమె గీ రాయిల ఉన్నదా అమ్మా?” అనడిగాడు.

“లేదు తాతా. నా యంత్రం పెట్టెలో ఉంది. రాయి ఖాళీ.”

“ఏడు నూర్ల ఏండ్లు దాసుకున్నది. మనం ఒక్క గడియల తుడిసిపెట్టినం,” అని అక్కడే కూలబడ్డాడు. జరిపిన రాయిని ఆ చీకట్లోనే మళ్లీ దాని చోట కూర్చోబెట్టి బయటికొచ్చాం.

మర్నాడు బళ్లో సార్‌కు అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. “యంత్రాలు ఎన్నో చూపిస్తయ్ సంపూర్ణా. నిపుణులు ఒప్పుకుంటె నేనే పాఠం మారుస్త,” అన్నారు.

మేడం ఆ బొమ్మను పంపితే, చరిత్ర నిపుణుల సంఘం వారం తిరక్కముందే జవాబు పంపింది. మళ్లీ చేసి చూపలేనిదాన్ని రుజువుగా తీసుకోలేమని, మిగిలిన రాళ్లను తమ కళ్లెదుట చదివితే అప్పుడు ఆలోచిస్తామని. గండి పూడ్చిన రాళ్లు మొత్తం తొమ్మిది. ఇంకా ఎనిమిది ఉన్నాయి. మేడం ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చారు.

“పదకొండేళ్లు పెట్టాను తాతా ఈ పని మీద. ఇంట్లో పిల్లల పుట్టినరోజులకు కూడా పోలేదు. ఎనిమిది రాళ్లు తీసివ్వండి, చాలు.”

“ఒద్దమ్మా. ఒక్క మొఖం పోయింది సాలు.”

“పెట్టెలో భద్రంగా ఉంటాయి కదా!”

“పెట్టె నీది. రాయి వాళ్లది.”

నాకు పిచ్చి కోపం వచ్చింది. మేడం మీద కాదు, తాత మీద. “నీ పంతానికి నేను క్లాసుల తల దించుకొని కూసోవాల్నా? రుజువు చేతికొచ్చినంక వద్దంటవేంది?” అని అరిచాను.

తాత నా వైపు తిరిగాడు. “వాళ్ల మొఖాలు తుడిసి నీ మొఖం కడుక్కుంటవా పిల్లా?”

నేను గిర్రున తిరిగి లోపలికి పోయాను. మేడం కూడా తలొంచుకుని వెళ్లిపోయారు. నాలుగు రోజులు తాతతో నేను మాట్లాడలేదు. పాఠాలు కూడా గోడకే అప్పజెప్పాను.

దసరా ముందురోజు మా ఇంట్లో ఒక పని ఉంటుంది. పనిముట్లు కడిగి పూజకు పెట్టుకున్నాక, సున్నం కలిపిన మట్టి బకెట్‌లో వేసుకుని గోడ దగ్గరికి పోతాం. గండి పూడ్చిన తొమ్మిది రాళ్లకు, బయటి ముఖం మీద, కింది అంచున బెత్తెడు గంట్లు ఉంటాయి. వాటిని మట్టితో పూడ్చి నున్నగా మెత్తుతాం. వానలకు కారినంత కారుతుంది, మళ్లీ ఏడు మళ్లీ మెత్తుతాం. తాత తండ్రి, ఆయన తండ్రి, అందరూ చేశారట. ఊరివాళ్లకు ఈ సంగతి తెలియదు, తెలియనిచ్చేవాళ్లం కాదు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే “మన మచ్చ బిడ్డా, కప్పెట్టాలె,” అనేవాడు తాత.

ఆ ఏడు అలిగినదాన్ని అలిగినట్టే బకెట్ మోశాను. ఒక చేత్తో మట్టి అందిస్తూ, రెండో చేత్తో పుస్తకం పట్టుకుని, సెలవులు అయిపోగానే పరీక్ష కాబట్టి తప్పక పదకొండో జవాబు మొదలుపెట్టాను. మొదటి కారణం, ప్రాణభయం. పుస్తకం మూసేసి తాతను అడిగాను.

“ఇవి మచ్చ ఎట్లయితది తాతా? గంటే గదా?”

నాలుగు రోజుల తర్వాత మాట్లాడానేమో, తాత చెయ్యి ఆపి మరీ చెప్పాడు. “రాయిని గునపం పెట్టి ఎత్తి నూకుతం. గునపం ఆనిన కాడ గంటు పడ్తది. మంచి పనోడు లోపటి దిక్కు నిలవడి రాయిని కూసోవెడ్తడు. గంటు లోపటనే పోతది, బయట మొఖం నున్నగుంటది. ఈ కోట గోడంతా జూడు, బయట ఒక్క గంటు గూడ దొరకది. గీ తొమ్మిదింటికే బయట ఉన్నయ్. ఉరికే తొందరల పని పాడు జేసిన్రు మనోళ్లు. గందుకే సిగ్గు.”

“గంటు ఏ దిక్కుంటే పనోడు ఆ దిక్కున నిలవడ్డట్టా?”

“ఇంకేడ నిలవడ్తడు? గాలిలనా?”

నా చేతిలో మట్టిముద్ద కిందపడింది.

“తాతా! గంటు బయటుంటే, పనోడు బయటున్నట్టే గదా! పారిపోయేటోడు బయట నిలవడి గండి ఎందుకు మూస్తడు? సైనికులు లోపట నిలవడి మూస్తే గంటు లోపట ఉండాలె గదా!”

తాత గోడనే చూస్తూ నిలబడిపోయాడు. వేలితో ఒక గంటు మీది మట్టిని తడిమాడు. తర్వాత ఇంకొకటి తడిమాడు. డెబ్బై ఏళ్ల మనిషి, రాయి నాడి తెలిసిన మనిషి, తన కళ్లెదుటి రుజువును తానే ఏడాదికోసారి మట్టితో కప్పెట్టాడు. ఆయన తండ్రీ అదే చేశాడు. పారిపోయారు, పారిపోయారు అని ఊరంతా అంటుంటే మేమే ముందు నమ్మేశాం.

“ఇయ్యాల మట్టి ఒద్దు. ఇంటికి పోదాం పా,” అన్నాడు చివరికి. బకెట్ అక్కడే బోర్లించాడు. “కప్పినదాన్ని తీయడానికి నాకు జరంత టైం కావాలె బిడ్డా.”

పరీక్షలో పదకొండో ప్రశ్న రానే వచ్చింది. మిగతావన్నీ ముందే రాసేసి, చివరి అరగంట దానికి ఉంచుకున్నాను. “ఈ ప్రశ్న తప్పు,” అని మొదలుపెట్టాను. “ఒడ్డెరలు పారిపోలేదు. గండి పూడ్చిన తొమ్మిది రాళ్లకూ గునపం గంట్లు బయటి ముఖం మీద ఉన్నాయి. కాబట్టి వాటిని పెట్టినవాళ్లు కోట బయట నిలబడ్డారు. పిల్లల్ని లోపలికి అందించి, తాము బయట ఉండి గోడ మూశారు. అందుకే ముట్టడి నాడు వాళ్లు కోటలో లేరు. నమ్మకపోతే వచ్చి చూడండి.” రెండు పేజీలు, గంట్ల బొమ్మతో సహా రాసి కింద నా పూర్తి పేరు రాశాను. పేరు రాయకూడదని తెలుసు. రాశాను.

వారానికి పేపర్లు ఇచ్చారు. పదకొండో జవాబుకు అడ్డంగా ఎర్రగీత, పక్కన సున్నా. ‘పుస్తకంలో ఉన్నదే రాయవలెను.’ మూడు మార్కుల తేడాతో నేను రెండో స్థానంలో ఉన్నాను.

నేను లేచి నిలబడ్డాను. “సార్, వచ్చి చూడమని రాసిన. చూడకుంట సున్నా ఎట్లేసిన్రు?”

“ఏం చూడాలె? మళ్ల యంత్రమేనా? అది ఒక్కసారే గదా చూపెట్టేది.”

“యంత్రం లేదు సార్. మీ కండ్లు చాలు. వస్తరా, రారా?”

సార్‌తో అలా ఎవరూ మాట్లాడి ఉండరు. ఆయన ముఖం ఎర్రబడింది. కానీ ముందే చెప్పాను గదా, ఆయన చెడ్డమనిషి కాదు. చాక్‌పీస్ బల్ల మీద పెట్టి, “నడువు,” అన్నారు. నలభై మందీ మా వెనకే వచ్చారు.

పట్టపగలు, పన్నెండు గంటల ఎండ. ఆ వారమంతా రోజూ వచ్చి గోడ ముందు కూర్చుంటున్న తాత, నేను కబురంపకముందే అక్కడున్నాడు. జమీలా మేడం గుడారం సర్దుకోవడానికి వచ్చి ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. తాత నన్ను చూశాడు, సార్‌ను చూశాడు, నా క్లాసు మొత్తాన్ని చూశాడు. ఇన్నేళ్లూ దాచిన సిగ్గును ఊరి పిల్లలందరి ముందూ విప్పాలి. పనిముట్ల సంచి విప్పబోయి ఆగిపోయాడు. నేను వెళ్లి సంచిలోంచి ఉలి తీసి చేతిలో పెట్టాను.

మొదటి గంటు మీద తాత ఉలి ఆనించి గీకాడు. మట్టి ఊడింది. దాని కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. ఒక్కో ఏడాది మెత్తిన మట్టి ఉల్లిపొరల్లా లేచి వచ్చింది. చివరికి నల్లబారిన గంటు బయటపడింది. రెండోది, మూడోది, అలా తొమ్మిదీ తీసి నీళ్లు పోసి కడిగాడు. గునపం మొన ఆనిన చోట రాయి చిట్లిన తీరు కూడా తెలుస్తోంది.

“నిన్నగాక మొన్న చెక్కినవి కావని ఏంది నమ్మకం?” అన్నారు సార్, అలవాటు కొద్దీ.

“పొరలు లెక్కపెట్టుకోండి సార్,” అన్నారు జమీలా మేడం, కింద రాలిన మట్టి పెళ్ల ఒకటి చేతికిస్తూ.

సార్ లెక్కపెట్టలేదు. దగ్గరికెళ్లి గంటులో వేలు పెట్టారు. తర్వాత గోడ వెంట నడుస్తూ పక్క రాళ్లన్నీ కింది అంచున తడుముతూ పోయారు. మూల దాకా పోయి, మళ్లీ తడుముకుంటూ వచ్చారు. ఎక్కడా ఇంకో గంటు దొరకలేదు. ఆయన వెనక్కి తిరిగి ఏనుగు గుట్ట వైపు చూశారు. గుట్ట మా వెనకే ఉంది. అంటే మేమంతా కోట బయటే నిలబడ్డాం.

“దుర్గయ్యా, ఇరవై ఏండ్ల సంది ఈ గోడ సుట్టు తిరుగుతున్న. నిన్ను ఒక్కసారి గూడ అడగలే.”

“అడిగినా చెప్పకపోదును సారూ. సిగ్గనుకున్నం.”

సార్ నా పేపరు తీసుకుని, గోడకే ఆనించి, సున్నా కొట్టేసి ఎనిమిది వేశారు. “సీటు జాబితా పొద్దుగాలనే పంపిన బిడ్డా. మళ్లీ రాస్తగానీ, వాపసొస్తదని చెప్పలేను. తప్పు నాది.”

అబద్ధం ఎందుకు, సీటు కోసం ఆ సాయంత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. కానీ ఆ ఎండలో, వాళ్లందరి ముందు మాత్రం ఏడవలేదు. “సీటు నేనెట్లన్న తెచ్చుకుంట సార్. పాఠం మార్చుండ్రి,” అన్నాను.

“మారుస్త. నువ్వు రాసిందే పెడ్త.”

మల్లేశ్ మెల్లగా ముందుకొచ్చి గంటులో వేలు పెట్టి చూశాడు. తీసి మళ్లీ పెట్టాడు. “రేపొస్తే గూడ ఉంటదా ఇది?” అనడిగాడు, రాతికన్ను సంగతి గుర్తొచ్చిందేమో.

“రేపు ఉంటది, ఎల్లుండి ఉంటది. నీ ఇష్టమొచ్చినన్ని సార్లు చూస్కో,” అన్నాను. “ఇది చూస్తే చెరిగేది కాదు.”

జమీలా మేడం ఆ తొమ్మిది గంట్ల కొలతలు తీసి నిపుణులకు పంపారు. వాళ్లు కూడా వచ్చి వేళ్లు పెట్టి చూసుకుని పోయారు. మిగిలిన ఎనిమిది రాళ్లను ఎవరూ కదపలేదు. వాటిలో ఎవరెవరు ఉన్నారో మాకు తెలియదు. ఆ ఒక్కామె బొమ్మను మేడం పెద్దదిగా తీసి మా ఇంటికి పంపితే, అమ్మ దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టింది.

ఈ ఏడు దసరా ముందురోజు కూడా బకెట్ పట్టుకుని గోడ దగ్గరికి పోయాం. అందులో మట్టి లేదు, మంచినీళ్లున్నాయి. తాత ఒక్కో గంటునూ కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాడు. మా వాడంతా వచ్చింది. అందరం గోడకు బయటివైపే నిలబడ్డాం.